లక్క లేని లాకరు

పదార్థం అన్న మాటకు మొదటి అర్థం పదం యొక్క అర్థమే. ద్రవ్యం, వస్తువు అనే అర్థం తర్కశాస్త్రం గుండా వచ్చి తెలుగులో అదే స్థిరపడిపోయింది. బడిలో పిల్లలకు ప్రతిపదార్థాలు చెబుతూ ఉద్యోగకాలమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి గనుక, ఏ వస్తువు కంటబడినా ముందు దాని పేరు వెంట పడడం నాకు అలవాటైపోయింది. ఈసారి వెంటపడినది కారు పైపూతను. తెలుగు పండితుడికి మోటారు కార్ల రంగుతో పనేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. కానీ ఈ రంగుల చరిత్రలో పదం ఒక దారినీ పదార్థం మరొక దారినీ పోయిన తీరు చూస్తే, ఇది మా వాళ్లు పట్టించుకోవలసిన విషయమేనని నాకు తోచింది. కొత్త పూత వచ్చినప్పుడల్లా అది ఏదో పాత పదార్థం పేరును అరువు తెచ్చుకుంది. కొనేవాడు చాలాసార్లు ఆ పేరుకే డబ్బు చెల్లించాడు.

మొదట లాకరు సంగతి. సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, మనకు లక్క. ఈ మాటే వర్తకుల వెంట పశ్చిమానికి పోయి, పోర్చుగీసు వారి నోట నలిగి, చివరకు ఇంగ్లీషులో లాకరు అయింది. లక్క అంటే మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా బతికే ఒక చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే జిగురు గూడు. వేడికి కరుగుతుంది, చల్లారితే బిరుసెక్కుతుంది, రుద్దితే మెరుస్తుంది. నిప్పు తగిలితే ఎలా మండుతుందో నన్నయగారి ఆదిపర్వం చదివిన వారికి వేరే చెప్పనక్కరలేదు, పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించినది లక్క యిల్లే కదా. ఏటికొప్పాక బొమ్మల మీద నేటికీ కనబడే నిగనిగ ఈ లక్కదే. తరిమెన మీద తిరుగుతున్న కొయ్యకు రంగు లక్కముక్కను ఆనిస్తే, రాపిడి వేడికే అది కరిగి కొయ్యకు అంటుకుంటుంది. ఇంట్లో ఉండే బొమ్మకూ పెట్టెకూ ఇది చక్కని పూత. ఎండావానల్లో తిరిగే బండికి మాత్రం పనికిరాదు. నీరు నిలిస్తే తెల్లబారుతుంది, ఎండకు మెత్తబడుతుంది. కనుక లాకరు అనే పేరు పెట్టుకుని మోటారు కార్ల మీదికి ఎక్కిన పూతలో మన లక్క లేదు. ఆ కథ ముందుకు వస్తుంది.

కార్లకు ముందు గుర్రపుబగ్గీలు ఉన్నాయి. తొలి కార్లకు రంగులు వేసిన వారు ఆ బగ్గీల పనివాళ్లే, పద్ధతీ ఆ పద్ధతే. ముందు సీసపు రంగు, దాని మీద గుంటలు పూడ్చే ముతక పూతలు, వాటిని నురుగురాయితో నీళ్లు పోసి అరగదీయడం, ఆపైన అసలు రంగు, చివర వార్నీషు. అన్నీ కలిపి ఇరవై దాకా పూతలు పడేవి. ఒక్కొక్కటీ ఆరడానికి రోజులు పట్టేది, బండి బయటికి రావడానికి వారాలు పట్టేది. ఆ వార్నీషులో అవిసె నూనె, టర్పెంటైనుతో బాటు కోపల్ అనే గుగ్గిలం వంటి పదార్థం ఉండేది. అందులో మేలురకం జాంజిబారు నుంచి వచ్చేది. ఎప్పుడో నేలగూలిన చెట్ల జిగురు భూమిలో గట్టిపడి ఉంటే, దాన్ని తవ్వి తీసేవారు. న్యూజీలాండులో కౌరీ చెట్ల జిగురు కోసం కూడా ఇలాగే బురదనేలలు తవ్విన కూలీలు ఎందరో ఉన్నారు. అంటే లండను దొరగారి బగ్గీ మీది మెరుపు ఆఫ్రికా మట్టిలోంచి వచ్చినదన్నమాట. ఆ మెరుపును కాపాడుకోవడానికి అప్పుడే శాస్త్రం ఉంది. బగ్గీని గుర్రాలశాలకు దూరంగా ఉంచాలి, పేడ, మూత్రాల నుంచి లేచే అమోనియా ఆవిరికి వార్నీషు చెడుతుంది. బురద ఎండనీయకూడదు. ఎండలో కడగకూడదు. నేడు కార్లవాళ్లు చెప్పే జాగ్రత్తలలో సగం ఆ సాయిసులు చెప్పినవే.

వారాల తరబడి ఆరే పూత కర్మాగారానికి సరిపడదు. 1914 నాటికి హెన్రీ ఫోర్డు కర్మాగారంలో మోడల్ టి కారు అడుగుచట్రం గంటన్నరలో తయారవుతున్నది. అంత వేగంగా తయారైన బండిని నెలరోజులు ఎండబెడుతూ కూర్చుంటే చోటెక్కడ చాలుతుంది? ఆ ఏడాది నుంచి 1925 దాకా ఫోర్డు కార్లన్నీ నల్లగానే వచ్చాయి. అంతకుముందు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగులు ఉండేవి. ఆ నలుపు తారువంటి ఖనిజపదార్థాన్ని నూనెలో కలిపి, భాగాలను అందులో ముంచో, మీద పోసో, కొలిమిగదిలో కాల్చి గట్టిపరచినది. చవక, మన్నిక, త్వరగా ముగిసే పని. ఈ జాతి నలుపుకు జపాన్ నలుపు అని పేరు.

ఇక్కడ రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఒక ముక్క. జపానులోనూ చీనాలోనూ ఒక చెట్టు పాలను పొరలు పొరలుగా పూసి అద్దంలా మెరిసే పెట్టెలు చేసేవారు. ఐరోపావారు వాటిని చూసి ముగ్ధులయ్యారు. ఆ చెట్టు వారి దగ్గర లేదు, చెట్టు పాలు ఓడలో అంతదూరం వచ్చేసరికి చెడిపోయేవి. అందుచేత దొరికిన జిగుళ్లతో, తారుతో అనుకరణ చేసి, దానికి జపాన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరే ఫోర్డు కర్మాగారం దాకా నడిచింది. మన ఊళ్లలో ఇనుపసామాను కొట్లలో బ్లాక్ జపాన్ అనే డబ్బా దొరుకుతుంది, కిటికీ ఊచలకు వేస్తారు. ఆ డబ్బాలో జపాను దేశపు చెట్టుపాల చుక్క ఒక్కటీ ఉండదు.

నలుపు నుంచి కార్లను బయటపడేసినది తుపాకిమందు. దూదిని నత్రికామ్లంలో నానబెడితే భగ్గున మండే పదార్థం తయారవుతుందని 1846లో బాసెల్ నగరపు రసాయనాచార్యుడు షోన్‌బైన్ లోకానికి వెల్లడించాడు. నైట్రోసెల్యులోజ్ అంటారు దాన్ని. మొదటి ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాలకు ఈ మందు గుట్టలుగా తయారుచేసి ఇచ్చినది అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ. యుద్ధం ముగిసింది, కర్మాగారాలు మిగిలాయి. అప్పటికే ఆ సంస్థ జనరల్ మోటార్స్‌లో పెద్ద వాటా కొని ఉంది. 1920లో పియేర్ డ్యూపాంట్ ఆ కార్ల సంస్థకు అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఒకచేత మందు, మరొకచేత కార్లు. రెంటినీ కలపడమే తరువాయి.

చిక్కేమిటంటే ఈ పదార్థాన్ని ద్రావకంలో కరిగిస్తే తేనెకంటె చిక్కగా తయారయ్యేది. పిచికారీ చేయాలంటే బాగా పలుచన చేయాలి, పలుచన చేస్తే పూతలో సరుకు మిగలదు. 1920 వేసవిలో న్యూజెర్సీలోని పార్లిన్ ప్రయోగశాలలో ఒక పీపా కొన్నాళ్లు ఎండవేడికి వదిలివేయబడి, తెరచి చూస్తే లోపలి ద్రవం పలుచబడి ఉన్నదనీ, దాని వెంటబడి పరిశోధిస్తే చిక్కటి రంగును కూడా పిచికారీ చేయగల మార్గం దొరికిందనీ చెబుతారు. జనరల్ మోటార్స్ తరఫున చార్లెస్ కెట్టరింగ్ ఈ పనికి వెన్నుదన్నుగా నిలిచాడు. ఆయన గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కారుకు రంగు వేయడానికి నెల పడుతుందని వాదించిన పెద్దమనిషిని భోజనానికి కూర్చోబెట్టి, ఈలోగా అతని కారుకే వేరే రంగు కొట్టించాడట, భోజనానంతరం ఆయన తన బండిని తాను గుర్తుపట్టలేకపోయాడట. కథ కల్పితమైనా కావచ్చుగాని కాలం ఎంత కుదించుకుపోయిందో చక్కగా చెబుతుంది. 1923 చివర, 1924వ సంవత్సరపు ఓక్లాండ్ కార్లు నీలిరంగుతో ఈ కొత్తపూత వేసుకుని వచ్చాయి. వారాల పని రోజులలోకి, గంటలలోకి వచ్చింది. పూత పేరు డ్యూకో. దీన్ని లాకరు అన్నారు. ద్రావకం ఆవిరైపోగా మిగిలే పొర ఏదైనా సరే లాకరే అనే అర్థం అప్పటికి స్థిరపడిపోయింది.

డ్యూకో అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. ఇనుపబీరువాకు రంగు పోతే డ్యూకో కొట్టించాలి అంటాం. అది ఒక సంస్థ పెట్టుకున్న పేరని తెలియకుండానే పిచికారీ రంగుకంతటికీ ఆ పేరు పెట్టేసుకున్నాం. విచిత్రమేమిటంటే, డ్యూకో కార్లు అమెరికా వీధులలో తిరగడం మొదలైన 1924లోనే మన దేశంలో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనాసంస్థ వెలసింది. అసలు లక్కను ఎలా నిలబెట్టాలా అని అక్కడ, లక్క లేని లాకరును ఎలా అమ్మాలా అని ఇక్కడ. తరువాతి దశాబ్దాలలో లక్క స్థానాన్ని కృత్రిమపు రెజిన్లు ఒక్కొక్కటిగా ఆక్రమించుకున్నాయి. అడవిలో లక్క కోసుకుని బతికే గిరిజన కుటుంబాలకు ఆ పేరు ప్రపంచమంతా మోగడం వల్ల ఒరిగినదేమీ లేదు.

ఇక మైనం. కారుకు మైనం ఎందుకు పూయవలసి వచ్చిందన్నది డ్యూకో కథలోనే ఉంది. పిచికారీ నుంచి వచ్చినప్పుడు ఆ పూత మసకగా ఉండేది, మెత్తటి రాపిడిముద్దతో రుద్దితేగాని మెరుపు తేలేది కాదు. పైగా ఎండకు పైపొరలోని జిగురు చచ్చిపోయి, రంగుపొడి బయటపడి, వేలితో రాస్తే సుద్దలా అంటుకునేది. పాత అంబాసిడర్ కార్లను గుడ్డతో తుడిచేటప్పుడు ఆ గుడ్డ కారు రంగుకు మారడం మా తరంవారు చూసే ఉంటారు. కనుక రెండు పనులు. చచ్చిన పొరను రుద్ది తీసేయడం ఒకటి. కింద బయటపడిన కొత్తపొర మీద గాలీ నీరూ నేరుగా తగలకుండా ఏదైనా పూయడం మరొకటి. మొదటిది పాలిష్, రెండవది వాక్స్. మొదటిది రంగును తీసివేస్తుంది, రెండవది రంగు మీద చేరుతుంది. వ్యతిరేకార్థకాలని పిల్లలకు చెప్పవలసిన ఈ రెండు మాటలను బజారు పర్యాయపదాలుగా చేసింది, డబ్బాల మీద రెండూ కలిపి రాసింది. ఈ ఒక్క పొరపాటు వల్ల అరిగిపోయిన కార్లు లెక్కకు మిక్కిలి అని నా అభిప్రాయం.

చికాగో నగరంలో 1910లో మొదలైన సైమనిజ్ సంస్థ ఈ రుద్దుడు వ్యాపారంలో ఎంత పేరు తెచ్చుకున్నదంటే, రుద్ది మెరిపించడం అనే అర్థంలో సైమనైజ్ అనే క్రియాపదమే ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. నామవాచకం క్రియ కావడం భాషలో సామాన్యమే, డబ్బా పేరు క్రియ కావడం మాత్రం ప్రకటనల ప్రతాపం. అదే చికాగోలో 1940ల తొలినాళ్లలో బెన్ హిర్ష్ అనే ఆయన స్నానపుతొట్టిలో పాలిష్ కలిపి, భార్య సీసాలకు నింపితే తీసుకుపోయి అమ్మేవాడు. ఆయన అమ్మకపు పద్ధతి ముచ్చటైనది. నిలిపి ఉన్న కార్ల దగ్గరకు పోయి ఒక్క మడ్‌గార్డు మాత్రం తళతళలాడించి, యజమాని వచ్చేదాకా పక్కన నిలబడేవాడట. మిగతా మూడువైపులా అలా వదిలేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ సరుకే తరువాత టర్టిల్ వాక్స్ అయింది. తాబేలు వీపు గట్టిదనం పేరులోకి వచ్చి చేరింది.

ఈ మైనాలన్నిటికీ రాజు అనదగినది ఒకటి ఉంది, నా కథలో పేరూ పదార్థమూ చాలావరకు ఒక్కటిగా నిలిచినది అదే. బ్రెజిల్ ఈశాన్యభాగంలో సెఆరా, పియావీ, రియోగ్రాంద్ దొ నోర్తె రాష్ట్రాలలో పెరిగే కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం అది. వృక్షశాస్త్రవేత్తలు ఈ చెట్టు ప్రజాతికి ఖగోళశాస్త్రజ్ఞుడు కోపర్నికస్ పేరు పెట్టారు. అక్కడ వానలు కొద్దినెలలు, మిగతా కాలమంతా మండుటెండ. తన తేమ తనలో నిలుపుకోవడానికి విసనకర్రవంటి ఆకు మీద ఆ చెట్టు పలుచని మైనపుపొర కట్టుకుంటుంది. ఎండ ఎంత తీవ్రమైతే మైనానికి అంత అవసరం. చెట్టు తన ఎండ నుంచి తాను కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటును మనిషి తన కారుకు పూసుకున్నాడు. తేనెతుట్టె మైనం 62 నుంచి 64 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగిపోతుంది. ఎండలో నిలిపిన నల్లకారు పైకప్పు అంతవేడికి చేరడం పెద్ద విశేషం కాదు. కార్నౌబా మైనం 82 డిగ్రీలు దాటితేగాని కరగదు. గట్టిదనంలోనూ మెరుపులోనూ దీనికి సాటివచ్చే మొక్కల మైనం దాదాపు లేదు. అంత గట్టిది గనుకనే ముక్కగా పట్టుకుని కారుకు పూయడం ఎవరివల్లా కాదు, నూనెలతో, ద్రావకాలతో, మెత్తటి మైనాలతో మెత్తబరచవలసిందే. నూటికి నూరుపాళ్లు కార్నౌబా అని డబ్బా మీద కనిపిస్తే, ఆ నూరు దేనికి నూరో అడిగి తెలుసుకోవడం మంచిది.

కోత వానలు లేని నెలలలో, ఏడాది రెండవ సగంలో సాగుతుంది. పొడవాటి గడ చివర కొడవలి కట్టి, తలపైకెత్తి ఆకులు కోస్తారు. చెట్టును నరకరు. కోసిన ఆకులను ఎండలో పరిచి, ఎండిన తరువాత బాదితే మైనం పొడిగా రాలుతుంది. ఆ పొడిని కరిగించి వడగట్టి గడ్డకట్టిస్తారు. ఇంకా విచ్చుకోని లేత ఆకుల నుంచి వచ్చినది లేత పసుపు, అది మేలురకం. ముదురాకుల పొడి గోధుమ, నలుపు రంగులకు తిరుగుతుంది. బాదేచోట ఆ దుమ్ములో నిలబడేవారికీ, ముళ్లకాడలు మోసేవారికీ దక్కేది రోజుకూలీ. 2017లో జర్మన్ టెలివిజనులో ఒక పరిశోధనాత్మక చిత్రం ప్రసారమైంది. కోతకూలీలు ఆరుబయట పడుకోవడం, వడగట్టని ఏటినీరు తాగడం అందులో చూపించారు. బ్రెజిల్ కార్మికశాఖ తనిఖీలలో బానిసత్వంతో సమానమైన పరిస్థితుల నుంచి ఈ కూలీలను విడిపించిన సందర్భాలున్నాయి. ఆ చిత్రం పేరుమోసిన మిఠాయిల గురించి తీసినది, ఎందుకంటే మైనం కార్ల మీదికే పోదు. పిల్లలు తినే రంగుబిళ్లల మీది నిగనిగ కూడా ఇదే, పొట్లం వెనుక ఇ 903 అని రాసి ఉంటుంది.

ఈ మైనం కోసం ఒకాయన విమానం కట్టుకుని పోయాడు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు రేసీన్ పట్టణంలో 1886లో చెక్కనేలలు పరిచే వ్యాపారంగా మొదలై, ఆ నేలలకు మైనం అమ్మడంలో పెద్దదైన జాన్సన్ సంస్థ ఒకటి ఉంది. స్థాపకుని మనుమడు హెర్బర్ట్ జాన్సన్, తన వ్యాపారమంతా ఎక్కడో ఉన్న ఒక చెట్టు మీద ఆధారపడి ఉన్నదని గుర్తించి, ఆ చెట్లు చాలుతాయా లేదా స్వయంగా చూడాలని 1935లో నేలమీదా నీటిమీదా దిగగల సికోర్‌స్కీ విమానంలో బ్రెజిల్ యాత్ర చేశాడు. ఆ విమానం పేరు కూడా కార్నౌబాయే. 1998లో ఆయన కుమారుడు అటువంటి విమానాన్నే మళ్లీ కట్టించి, తన కొడుకులతో కలిసి తండ్రి పోయిన దారినే పోయి వచ్చాడు. తండ్రిపట్ల ఆ భక్తి మెచ్చదగినదే. గడకొడవలి పట్టుకున్నవాడి మనుమడు కూడా అదే గడకొడవలి పట్టుకున్నాడా అనే ప్రశ్న నన్ను వదలకుండా ఉంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాతి సంగతులు కొంత వేగంగా చెప్పుకోవచ్చు. సిలికోన్ నూనెలు పాలిష్ డబ్బాలలోకి ప్రవేశించాయి. చేతులు నొప్పెట్టేలా రుద్దనక్కరలేకుండా మెరుపు రావడం మొదలైంది. వీటి దెబ్బ రంగుల షెడ్డువాడికి తగిలింది. సిలికోన్ అంటిన రేకు మీద కొత్తరంగు కొడితే, రంగు అక్కడక్కడ వెనక్కి జరిగి చిన్నచిన్న గుంటలు పడతాయి. చేపకన్ను అంటారు. లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో నీళ్లు పోసి రుద్దే మేస్త్రీలు పని మొదలుపెట్టేముందు కారును ద్రావకంతో శుభ్రంగా తుడిచేది ఇందుకే. మరొకవైపు ఎనామిళ్లు, ఎక్రిలిక్కులు వచ్చి నైట్రోసెల్యులోజును పక్కకు నెట్టాయి. అంతకంటె పెద్దమార్పు ఎవరికీ కనబడని చోట జరిగింది. 1960ల నుంచి కారు బొందెను మొత్తం తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి అడుగుపూత పట్టించే పద్ధతి వ్యాపించింది. తుప్పు నుంచి నేటి కారును ప్రధానంగా కాపాడుతున్నది లోపల ఉన్న ఈ బూడిదరంగు పొర. దానికి ఎవరూ ప్రకటనలు వేయరు, ఆకర్షణీయమైన పేరు కూడా పెట్టలేదు.

1980లలో రంగునూ మెరుపునూ విడదీశారు. అడుగున రంగుపూత పలుచగా, మసకగా ఉంటుంది. దాని మీద రంగులేని పారదర్శకపు పూత, మెరుపంతా దానిదే. అతినీలలోహిత కిరణాలను మింగే రసాయనాలు ప్రధానంగా దానిలోనే ఉంటాయి. పేరు క్లియర్‌కోట్. మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటె పలుచన. మొదట్లో ఇది అంత సుఖంగా సాగలేదు. 1980ల చివర అమెరికాలో తయారైన ఎన్నో కార్ల రంగు కొన్నేళ్లకే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పైరెండు పొరలను దాటి వెళ్లిన ఎండ అడుగుపూతను తినివేయడం వల్ల పట్టు తప్పింది. ఆమ్లవర్షపు మచ్చలు మరొక బాధ. ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో పలకలను ఆరుబయట పెట్టి ఆ మచ్చలను పరీక్షించడం పరిశ్రమకంతటికీ ప్రమాణమైంది. క్రమంగా పూతలు మెరుగయ్యాయి. ఇంగ్లండులో నేటికీ ఈ పారదర్శకపు పూతను లాకరు అనే పిలుస్తారు. లక్క నుంచి తుపాకిమందుకు, అక్కడినుంచి రెండు డబ్బాలు కలిపితే గట్టిపడే పాలీయురిథేనుకు, మన లాక్షా పదం ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది.

క్లియర్‌కోట్ వచ్చాక మైనం పని సగం తగ్గింది. ఆ పూత సుద్దగా రాలదు. అయినా పాత అలవాటు కొద్దీ రాపిడిముద్దతో రుద్దించేవారు ఉన్నారు. రుద్దినప్పుడల్లా ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. 45లో నుంచి ఎన్నిసార్లు రెండు తీయవచ్చో లెక్కలు చెప్పిన మాస్టార్లు చెప్పగలరు. గుడ్డకు రంగు అంటదు గనుక ఏమీ పోవడం లేదనిపిస్తుంది. అడుగున ఏమీ మిగలలేదని తెలిసేది నాలుగేళ్ల తరువాత పైకప్పు తెల్లబారినప్పుడు.

మైనం తగ్గిన చోటికి సెరామిక్ వచ్చింది. గ్రీకుభాషలో కెరామోస్ అంటే కుమ్మరి మట్టి. మట్టినీ ఆవాన్నీ గుర్తుకు తెచ్చే ఈ మాటను కారుకు పూసే చిన్నసీసా మీద రాశారు. ఆ సీసాలో మట్టి ఉండదు, ఆవంలో కాల్చడం ఉండదు. సిలికన్ ప్రధానమైన సేంద్రియ ద్రవం ఉంటుంది. పూసి తుడిచిన తరువాత గాలిలోని తేమతో కలిసి, అణువులు ఒకదానినొకటి పట్టుకుని గాజువంటి వలగా బిగుసుకుంటాయి. మందం ఒకటి రెండు మైక్రాన్లు. నిజం చెప్పాలంటే పదార్థం మంచిదే. మైనంలాగ కొద్దినెలలలో కొట్టుకుపోదు, సబ్బుకు లొంగదు, దుమ్మును త్వరగా వదులుతుంది. నా ఫిర్యాదు పదార్థం మీద కాదు, దానికి కట్టిన మాటల మీద.

మా అబ్బాయి కారు కొన్నప్పుడు నేనూ వెంట వెళ్లాను. అమ్మే కుర్రవాడు బహుమర్యాదస్తుడు. “అంకుల్, ఇది 9 హెచ్. డైమండ్ టెన్ అయితే ఇది నైన్. రాయి పెట్టి గీసినా పడదు, లైఫ్ టైమ్” అన్నాడు. వజ్రానికి పది అనేది 1812లో మోస్ అనే జర్మన్ ఖనిజశాస్త్రవేత్త పెట్టిన కొలత. అందులో తొమ్మిదవ స్థానం కోరండంది, కెంపూ నీలమూ ఆ జాతివే. కోరండం అన్న మాట మన కురువిందానికి బంధువే. కురువిందాన్ని ద్రవం చేసి కారుకు పూయగలిగితే రంగులవాళ్లు రత్నాల వ్యాపారం చేసుకునేవారు. సీసా మీది 9 హెచ్ వేరే కొలత. పెన్సిళ్లను మెత్తనివాటి నుంచి గట్టివాటి దాకా తీసుకుని, 45 డిగ్రీల వాలులో నొక్కి పూత మీద నడిపిస్తారు. వరుసలో అన్నిటికంటె గట్టిపెన్సిలు 9 హెచ్. దానికీ గీత పడకపోతే పూత 9 హెచ్ అంటారు. పెన్సిలు సీసానికి తట్టుకోవడం వేరు, వీధికుర్రాడి చేతిలోని మేకుకు తట్టుకోవడం వేరు. పైగా ఒక మైక్రాను పొరను అంతబలంగా నొక్కినప్పుడు పరీక్ష చెప్పేది కింద ఉన్న క్లియర్‌కోట్ గట్టిదనాన్ని కూడా. ఆ కుర్రవాడిని తప్పుపట్టను, వాడికి నేర్పినది వాడు అప్పజెప్పాడు. నేర్పినవాడికి మాత్రం ఈ రెండు తొమ్మిదులకూ తేడా తెలియదంటే నేను నమ్మను.

నీటిబొట్టు విషయం కూడా ఇటువంటిదే. పూసిన కారు మీద నీళ్లు చల్లి, ముత్యాల్లా దొర్లే బొట్లను చూపించి, తామరాకు గుణం అంటారు. తామరాకు మీద నీటిబొట్టు మనకు తరతరాల పోలిక, దానికి కారణాన్ని 1997లో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు వివరించారు. ఆ ఆకు నిండా కంటికి కనబడని బుడిపెలు, వాటి మీద ఇంకా సూక్ష్మమైన మైనపు స్ఫటికాలు. బొట్టు ఆ మొనల మీద నిలబడి ఉంటుంది, ఆకుతో అది చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. నునుపైన తలం మీద ఎంత గొప్ప పదార్థం పూసినా ఆ కోణం 120 ప్రాంతంలోనే ఆగుతుంది. కారు నునుపుగా లేకపోతే మెరవదు. తామరాకును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, అది మెరవదు, మసకగా ఉంటుంది. అంటే అద్దంలా మెరిసే కారుకు తామరాకు గుణం ఉన్నదనడం రెండు సరిపడని విశేషణాలను ఒకే విశేష్యానికి తగిలించడం. ఇంకొక తేడా ఉంది. బతికి ఉన్న ఆకు తన మీది మైనం అరిగితే మళ్లీ కట్టుకోగలదు. ఇక బొట్లు ముత్యాల్లా నిలిచినంత మాత్రాన అంతా క్షేమం అనుకోవడానికి మన ఊళ్లలో వీలే లేదు. మా బోరునీటితో కారు కడిగి ఎండలో వదిలిస్తే, ఒక్కొక్క ముత్యం నిలిచినచోటనే ఆరి, సున్నపు ఉంగరం మిగిల్చిపోతుంది. పూత ఏదైనా నీడలో కడగడం, ఆరకముందే తుడవడం తప్పదు. ఆ మాట గుర్రపుబగ్గీల సాయిసు చెప్పినదే.

గీతలు పడకుండా నిజంగా ఆపేది కావాలంటే, పారదర్శకపు యురిథేన్ పొర అంటించడం ఒక్కటే మార్గం. దాని పుట్టుక వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక నుంచి కాపాడడం కోసమంటారు. ఖరీదు దానికి తగ్గట్టే ఉంటుంది.

మా అబ్బాయి ఆ సెరామిక్ పూత వేయించాడు, నేను అడ్డుచెప్పలేదు. నెలకు రెండుసార్లు కారు కడిగే ఓపిక లేనివాడికి అది ఉపకారమే. హామీపత్రం మాత్రం నేను అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాను. ముందువైపు పెద్ద అక్షరాలతో జీవితకాలం అని ఉంది. వెనుకవైపు చిన్న అక్షరాలలో, ఆరునెలలకొకసారి తమ వద్దకే తెచ్చి రుసుము చెల్లించి తనిఖీ చేయించుకోవాలనీ, పక్షిరెట్టలకు, నీటిమరకలకు, చెట్టుజిగురుకు హామీ వర్తించదనీ ఉంది.